ఆగుంబె దాకా మోసిన నీళ్ళు

మా నాయనకు అక్క సుబ్బమ్మత్త పోయిన తరువాతి వారం బద్వేలు నుంచి రాజశేఖర్ ఫోన్ చేశాడు. రాజశేఖర్ మా పెద్దాయన మనవడు, నాకు వరసకు తమ్ముడు. మంగంపేటలో ముగ్గురాయి వ్యాపారం చేసి బాగా నిలదొక్కుకున్నాడు. మా ఇళ్ళల్లో మంచికైనా చెడ్డకైనా ఇప్పుడు అతనే ముందు నిలబడతాడు. అత్త కర్మనాడు కల్యాణ మండపంలో చిన్న సంతాప సభ పెడుతున్నామని, కుటుంబంలో పుస్తకాలు రాసినదాన్ని నేనే కాబట్టి ఆమె గురించి నేనే మాట్లాడాలని చెప్పాడు.

“ఏం చెప్పాల్నా అని ఆలోచన చేయొద్దక్కా. మైసూరు పోయిండేది, ఆ వానల అడివి చూసిండేది, అవి చెప్పు. ఆ కాలంలో మన ఆడోళ్ళల్లో ఎవరు చూసినారు అవన్నీ? మా తాత కాబట్టి తిప్పినాడు.”

నేను ఫోన్ ఇంకో చెవికి మార్చుకున్నాను.

“వింటాండావా?”

“వింటాండాలే, చెప్పు.”

“ఇంగోటి. కర్మ అయిపోయినాక మేమంతా మలేసియా పోతాండాం. ముందే బుక్ చేసిండాం, ఇప్పుడు వద్దంటే ఇనరు. ముందు సిటీ. ఆ జంట టవర్లు, మ్యూజియం, పాత బజార్లు. తర్వాత రెయిన్ ఫారెస్టు. చెట్ల మీద తాళ్ళ వంతెన కట్టిండారంట, దాని మీద నడిపిస్తారు. అందరూ మనోళ్ళే. తెలుగు వంటాయన మనతోపాటే వస్తాడు. నువ్వూ రాగూడదా? రిటైరై ఊరికే ఉండావు గదా. అత్త పేరు చెప్పుకోని పోదాం.”

ఆలోచించి చెప్తానని ఫోన్ పెట్టేశాను. కర్నూలులో నా వంటింట్లో పొయ్యి మీద పాలు పొంగిపోతుంటే కట్టేయకుండా చూస్తూ నిలబడ్డాను. కోపంగా ఉన్నప్పుడు ఏదీ రాయకూడదని కాలేజీలో పిల్లలకు చెప్పేదాన్ని. చరిత్ర పాఠం చెప్పేవాళ్ళు అలాగే చెప్పాలి. ఇది మాత్రం కోపంలోనే రాస్తున్నాను. కోపం తగ్గాక రాస్తే అందరికీ నచ్చేట్టు రాస్తాను, అది నాకు అక్కర్లేదు.

మా ఇల్లు బద్వేలు బజారులో ఉండేది. ముందు అంగడి, వెనుక ఇల్లు, మధ్యలో ఒక చీకటి నడవ. నడవకు రెండు పక్కలా బెల్లం దిమ్మెలు, ఎండుమిరప బస్తాలు, వక్కల గోతాలు పేర్చి ఉండేవి. ఇంట్లోకి ఎవరు వచ్చినా ఆ వాసన ఒంటికి పట్టించుకునే రావాలి. బడిలో నా పక్కన కూర్చునే పిల్ల నా జడ వాసన చూసి, ఈ పొద్దు మీ అంగట్లోకి ఇంగువ వచ్చింది గదా అనేది. పెరట్లో బావి ఉండేది గానీ ఆ నీళ్ళు ఉప్పు. పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు. తాగే నీళ్ళు ఊరి బయట తీపినీళ్ళ బావి నుంచి తేవాలి. ఆ పని సుబ్బమ్మత్తది. పొద్దు పొడవకముందే ఇత్తడి బిందెలతో పోయి వచ్చేది, మళ్ళీ పోయేది. తెచ్చిన నీళ్ళను పాత పంచె మడతలు పెట్టి వడకట్టి కుండల్లో పోసేది. ఏ కుండ ముందు తెరవాలో, ఏది రేపటికి ఉంచాలో ఆమే చెప్పేది. మా నాయనమ్మ, జేజి, మొహం కడుక్కోవడానికి కూడా అత్త ఇచ్చిన చెంబే. జేజి ఇంకొంచెం పోయవే అంటే, “మొగం ఎంత ఉండాదో అంతకు సరిపోతాదిలేమ్మా” అనేది. ఎండాకాలంలో బావిలో నీళ్ళు ఊరేదాకా ఆడవాళ్ళు గట్టు మీద కూర్చోవలసి వచ్చేది. మిగతావాళ్ళు కబుర్లు చెప్పుకునేవారు. అత్త చదువుకునేది.

ఆమె చదువు పొట్లాల కాగితాల మీద సాగింది. అంగట్లో సరుకు కట్టడానికి పాత పత్రికలు, పాత పాఠ్యపుస్తకాలు తూకానికి కొనేవారు. వాటిని చింపి, మైదా జిగురు పూసి పొట్లాలు చేయడం కూడా ఆమె పనే. చదవకుండా ఏ కాగితమూ చింపేది కాదు. అందువల్ల పొట్లాలు ఆలస్యమయ్యేవి, అందువల్ల తిట్లు తినేది. ఆమెకు పోరుమామిళ్ళలో పెళ్ళయింది. ఆమె మొగుడు ఇంకొకామెను తెచ్చి ఇంట్లో పెట్టుకుంటే, ఒక ట్రంకు పెట్టె తీసుకుని పుట్టింటికి వచ్చేసింది. మావాళ్ళు వద్దనలేదు. ఇంటి పనంతా ఆమె చేతిలో పెట్టి, దిక్కులేనిదానికి నీడ ఇచ్చామని చెప్పుకునేవారు. ఆ మాట ఆమె ముందే చెప్పేవారు.

ఒకసారి తూకం పుస్తకాల్లో ఒక భూగోళం పుస్తకం వచ్చింది. పడమటి కనుమల్లో నెలల తరబడి వాన కురిసే అడవి గురించి అందులో ఉంది. అక్కడ చెట్లు ఎంత దట్టమంటే పట్టపగలు కూడా ఎండ నేల మీద పడదని రాసి ఉంది. అత్త అది నాకు చదివి వినిపించి, సాయంత్రానికి ఆ కాగితంలో ఎవరికో లవంగాలు కట్టి ఇచ్చేసింది. కానీ అక్కడితో పోలేదు. “ఎండ కింద పడదంటమే. మట్టమద్యాన్నం. అదెట్లుంటాది?” అని నెలల పాటు అడిగింది. మా ఊరి నుంచి లంకమల కనిపిస్తుంది. అదీ అడవే. చండ్ర, ముళ్ళపొదలు, బండలు. ఎక్కడ నిలబడినా ఎండ తల మీదే ఉంటుంది. మాకు తెలిసిన అడవి అది. ఇంకో రకం ఉంటుందంటే ఆమెకు నమ్మాలనీ ఉంది, చూడాలనీ ఉంది.

మా అంగడికి వక్కలు తీర్థహళ్ళి వైపు నుంచి వచ్చేవి. లారీ తోలుకొచ్చే ఖాదర్ వలీ సరుకు దించేదాకా అరుగు మీద కూర్చునేవాడు. అత్త అతనికి మజ్జిగ పంపి, నడవ తలుపు చాటున నిలబడి ప్రశ్నలు వేసేది.

“ఏమప్పా, ఆడ నిజంగా ఎండే పడదా?”

“ఎండ యాడిది తల్లీ! మూడు నెల్లు ఉతికిన లుంగీ ఆరదు. పొయ్యి మీద వేలాడదీసుకోవాల. నా లుంగీ వాసన చూడు, నీకే తెలుస్తాది.”

“ఛీ, నీ లుంగీ వాసన ఎవరు చూస్తారప్పా!”

అని గట్టిగా నవ్వేది. ఇంట్లో వేరే దేనికీ ఆమె అంత గట్టిగా నవ్వగా నేను వినలేదు.

ఇక పెద్దాయన. ఆయన మా జేజినాయనకు అన్న. అంగడి తాళాలు ఆయన మొలతాడుకు ఉండేవి. చెంబు పైకెత్తి, పెదవి తగలకుండా నీళ్ళు గొంతులో పోసుకుని, అవి ఏ బావి నీళ్ళో చెప్పేవాడు. అది చూడటానికి చుట్టాలు వచ్చేవారు. మనిషి చెడ్డవాడు కాదని ఇప్పటికీ అందరూ అంటారు. నేను అనను.

ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు, కాబట్టి బేరాలుండవు. తీర్థహళ్ళి వక్కల వ్యాపారి ఎన్నేళ్ళుగానో రమ్మని పిలుస్తున్నాడు. ఆ ఏడు బజారులోని అంగళ్ళవాళ్ళు కలిసి ఒక బస్సు మాట్లాడారు. బెంగళూరులో పూలతోట, మైసూరులో ప్యాలెసు, బొమ్మలశాల, ఆ తరువాత పైకి పోయి వక్కతోటలు, ఆగుంబె అడవి. పట్నాల వైభోగమూ చూసినట్టుంటుంది, పచ్చటి చోట్లు తిరిగినట్టూ ఉంటుంది అని ఏర్పాటు చేసుకున్నారు. పిల్లల చేత బడి మాన్పించారు. కిరసనాయిలు స్టవ్వులు, గుండిగలు, అప్పడాలు, పొడులు, పరుపుచుట్టలు అన్నీ సిద్ధమయ్యాయి. వంటకు మనుషులు కుదిరారు. మిగిలింది నీళ్ళ సంగతి.

మావాళ్ళు కరువుకు భయపడేవారు కాదు, దొంగలకు భయపడేవారు కాదు. నీళ్ళు మారడానికి భయపడేవారు. తిరుపతికి పోయి వచ్చి జ్వరం తగిలినా, నెల్లూరు పెళ్ళిలో మితి మీరి తిని కడుపు నొచ్చినా, ఆ ఊరి నీళ్ళు పడలేదనే చెప్పుకునేవారు. అరుగు మీద పంచాయితీ జరిగింది. నేను బస్తాల మీద కూర్చుని విన్నాను.

“తాగే నీళ్ళు ఈడనుంచే పోతాయి. డ్రమ్ములకు పట్టించండి,” అన్నాడు పెద్దాయన.

మా చిన్నాయన, నాయనకు తమ్ముడు, నోరు ఊరుకోని మనిషి. “పెద్దనాయనా, మనం పోయేది వానల ఊరికి. ఆడికి బద్వేలు నుంచి నీళ్ళు మోసకపోతే నవ్వుతారు.”

“నవ్వనీ. విరేచనాలు పట్టుకున్నాక నువ్వూ నవ్వు.”

“దానికంటే బావినే పెరికి బస్సు మీద పెట్టుకుంటే పోతాది గదా.”

“గమ్మునుండు, తిక్కలోడా. సుబ్బమ్మా, డ్రమ్ముల కత నీదే.”

అత్త తలుపు చాటు నుంచి బయటికి వచ్చింది. పెద్దాయన ముందుకు ఆమె అలా రావడం మామూలు కాదు.

“చూసుకుంటా పెద్దనాయనా. ఒగటే మాట. ప్యాలెసులు గీలెసులు చూడకున్నా నాకు పర్వాలేదు. ఆ అడివిలేకి మాత్రం నేనూ వస్తా.”

“రాక యాడికి పోతావుమే? అంత దూరం తీసుకపోయి ఇడ్సిపెట్టొస్తామా ఏంది!”

అందరూ నవ్వారు. నాయన, “నేనుండా గదక్కా. నేను పిల్చుకపోతా,” అన్నాడు. ఆ మాట నాయన తన నోటితో అన్నాడు. నేను విన్నాను.

బస్సు వెనుక సీట్లు పీకించి అక్కడ రేకు డ్రమ్ములు పెట్టారు. వాటి పక్కన ఒక పీట వేసుకుని అత్త కూర్చుంది. గుంతలో చక్రం పడినప్పుడల్లా నీళ్ళు మూత సందుల్లోంచి చిమ్మి ఆమె చీర తడిసేది. గ్లాసుతో కొలిచి పోసేది. మొదటి రోజే ఆడవాళ్ళు గొడవ పడ్డారు, నా పిల్లకు సగం గ్లాసే పోసిందని ఒకామె, అంగట్లో తూకం ఎట్లనో బస్సులోనూ అట్లనే అని ఇంకొకామె. అత్త వాళ్ళను నవ్వించి సర్దిచెప్పేది. బెంగళూరులో అందరూ పూలతోట చూడటానికి దిగితే ఆమె డ్రమ్ముల దగ్గర ఉండిపోయింది. మైసూరులో ప్యాలెసుకూ అంతే, బొమ్మలశాలకూ అంతే. బస్సు ఆపిన చోట ఎవరో ఒకరు తలుపు దగ్గరికి వచ్చి నీళ్ళడుగుతారు, మూత తీస్తారు, చెయ్యి పెడతారు, అప్పుడు ఆ నీళ్ళు పనికిరావు. ఎవరి చెయ్యి పడకూడదో మావాళ్ళు పైకి అనేవారు కాదు. అనకపోయినా అందరికీ తెలుసు.

ప్యాలెసు చూసి వచ్చి నేను అద్దాల సంగతి, స్తంభాల సంగతి చెప్తుంటే అత్త వింటూ, “పోనీలే మే. మన బస్తాల నడవే రవంత పెద్దగ కట్టుకున్నారు, అంతే గదా,” అంది. ఆమెకు నిజంగానే దిగులు లేదు. అడవి కోసం పట్నాలు రెండూ వదులుకుంది. బేరం కుదిరిందనే అనుకుంది. మైసూరు సత్రంలో చిన్నాయన దొంగచాటుగా కుళాయి నీళ్ళు తాగి వచ్చి ఆమె చెవిలో చెప్పాడు.

“అక్కా, ఈ నీళ్ళు మనవాటికంటే తియ్యగుండాయి. పెద్దాయనకు చెప్పాకు, బతికుండగానే నాకు కర్మ చేపిస్తాడు.”

“దొంగోడా, నాకొక చెంబు తెచ్చియ్యకపోతివా?”

అతను తెచ్చి ఇచ్చాడు. ఆమె తాగింది. ఆమెకు ఏమీ కాలేదు.

తీర్థహళ్ళిలో వక్కల వ్యాపారి గొడుగు పట్టుకుని ఎదురొచ్చాడు. వాన ఆగకుండా పడుతోంది. ఆయన ఇంటి చూరు నుంచి, గోడల మీద నుంచి, రోడ్డు మీద నుంచి నీళ్ళు పోతున్నాయి. మావాళ్ళు బస్సులోంచి ఒక డ్రమ్ము దించి నలుగురు పట్టుకుని ఆ వానలో ఆయన వరండాలోకి మోశారు. ఆయన కొంచెం సేపు అర్థం కాక చూసి, “ఏను శెట్రే, నీరు తందిద్దీరా?” అన్నాడు. నీళ్ళు తెచ్చుకున్నారా అని. తరువాత లోపలికి పోయి తన భార్యను పిలుచుకొచ్చి చూపించాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెద్దాయన మాత్రం ఆ నీళ్ళే తాగి, కాళ్ళు చాపుకుని, మా ఊరి నీళ్ళ గొప్ప ఆయనకు వివరించాడు.

అడవికి పోయేనాడు అత్త అందరికంటే ముందు తలస్నానం చేసి, పసుపు అంచు చీర కట్టుకుని బస్సులో కూర్చుంది. చెప్పులు జారతాయని ఎవరో అంటే, చెప్పులు ఇంట్లోనే వదిలి వచ్చానని చెప్పింది. ఆగుంబె దాటక ముందే ఒక మలుపులో బస్సు ఆగింది. అక్కడి నుంచి దారి బురద, నడవాలి. వ్యాపారి పంపిన మనిషి ముందు నడుస్తాడు. డ్రైవరూ క్లీనరూ కాఫీ కోసం కింద కొట్టుకు పోతామన్నారు. అందరూ లేచారు. అత్త కూడా లేచింది.

“మరి డ్రమ్ముల కాడ?” అన్నాడు పెద్దాయన.

అందరి కళ్ళూ ఆమె వైపు తిరిగాయి. అంతవరకు ప్రతిచోటా ఉండిపోయింది ఆమే కదా.

“పెద్దనాయనా, నువ్వే అంటివి గదా, నన్ను తీసుకపోతానని.”

“అంటిని, కాదంటానా? ఒగ్గంట. ఉన్నట్టుండు. మేం చూసొచ్చి చెప్తాం గదా.”

“బస్సుకు తలుపు వేసుకోని పోదాం.”

“తలుపుకు గొళ్ళెం యాడుండాది? దోవన పోయేటోళ్ళు ఎవరన్నా ఎక్కి మూత తీస్తే?”

అత్త కిటికీలోంచి బయటికి చూసింది. రోడ్డు పక్క కాలువలో నీళ్ళు మోకాలి లోతున పరుగెత్తుతున్నాయి. ఆమె గొంతు పెంచలేదు.

“అయితే ఈ నీళ్ళు పారబోయండి. ఈడ ఇన్ని నీళ్ళుండాయి. ఈ పొద్దుకు ఇవే తాగుదాం. పారబోస్తే నేను కాపలా ఉండే పని లేదు గదా.”

పెద్దాయన మొహం ఎర్రబడింది. “మన బావి నీళ్ళు దోవలో పారబోస్తావా? అన్నం పెట్టిన ఇంటి మీద ఇంత కూడా గౌరవం లేదా నీకు? కూర్చోవే!” అన్నాడు. అన్నం పెట్టిన ఇల్లు. ఆ అన్నం వండింది ఆమె. ఆ నీళ్ళు మోసింది ఆమె.

ఆమె నాయన వైపు చూసింది. నాయన పంచె ఎగగట్టుకుంటున్నాడు. ఎగగట్టడం అయిపోయాక కూడా ముడిని సరిచేసుకుంటూనే ఉన్నాడు. ఆ తరువాత తల వంచుకుని మెట్లు దిగాడు. చిన్నాయన, “అక్కా, నేనుంటాలే, నువ్వు పో,” అన్నాడు. పెద్దాయన, “మొగోడివి నువ్వు నీళ్ళ కాడ కూర్చుంటావా, దిగరా!” అన్నాడు. చిన్నాయన దిగాడు. వాన లోపలికి కొట్టకుండా క్లీనరు బస్సు కిటికీలకు టార్పాలిన్ పరదాలు దించి కట్టాడు. అంటే ఆమెకు కిటికీలోంచి కనపడే చెట్లు కూడా లేకుండా పోయాయి. అది ఎవరూ కావాలని చేయలేదు. కావాలని చేసినా అలాగే చేసేవారు.

మేము లోపలికి పోయాం. నేను చూసింది చూసినట్టు చెప్తాను. నాలుగు అడుగులు వేసేసరికి వెనుక రోడ్డు కనపడలేదు. పొద్దున పది గంటలకే మా ఇంటి నడవలో ఉన్నంత చీకటి. నేల మెత్తగా, కాలు పెడితే లోపలికి పోయేట్టుంది. చెట్ల మీద చెట్లు మొలిచి ఉన్నాయి. చెట్ల పైభాగాలు కనపడలేదు. వాన చప్పుడు పైన ఎక్కడో వినపడుతోంది, మా మీద మాత్రం చుక్కలు చుక్కలుగా, ఆలస్యంగా పడుతోంది. మావాళ్ళు ఎవరూ తల ఎత్తలేదు. జలగలు. ఒకామె కాలికి జలగ పట్టిందని కేక వేసింది. ఆ తరువాత అందరూ తమ కాళ్ళనే చూసుకుంటూ నడిచారు, చీరలు తడిసిపోయాయని, పొడుంకాయ తడిసిందని, ఈ అడవికా ఇంత దూరం వచ్చింది అని విసుక్కున్నారు. పెద్దాయన ఒక చెట్టు వేరు మీద నిలబడి పొడుం పీల్చి, “చూసినాం గదా, పదండి,” అన్నాడు. గంట కూడా కాలేదు. అంత అడవిని వద్దనుకునేవాళ్ళందరూ చూశారు.

బస్సెక్కాక అత్త ఎవరినీ అడగలేదు. చూసొచ్చి చెప్తామన్నవాళ్ళు, “ఏముండాది ఆడ, చెట్లు, జలగలు,” అని ఆమె పోసిన నీళ్ళు తాగి కూర్చున్నారు. చాలా సేపటి తరువాత నన్ను పక్కకు పిలిచింది.

“ఎండ పడినాదామే నేల మీద?”

“ఎండే లేదు గదత్తా. వాన పడతాండాది.”

“ఆ వాన నేల మీద పడతాందా, ఆకుల మీద పడతాందా?”

“ఆకుల మీద పడి, నిదానంగా కిందికొస్తాండాది.”

ఆమె తల ఊపింది.

మరునాడు పొద్దున డ్రమ్ముల మూతలు తీస్తే నీళ్ళు రేకు కంపు కొట్టాయి. పెద్దాయన చెంబు ఎత్తి గొంతులో పోసుకుని ఉమ్మేశాడు. “పారబోయండి,” అన్నాడు. అంతే. ముందురోజు ఆమె అడిగిన మాటే, ఆయన నోటి నుంచి వస్తే ఎవరికీ తప్పుగా తోచలేదు. డ్రమ్ములను దొర్లించి వ్యాపారి ఇంటి ముందు కాలువలో వంచారు. ఒక పక్క పట్టుకున్నది అత్త. తిరుగు ప్రయాణమంతా దారిలో దొరికిన బావుల నీళ్ళు తాగాం. ఎవరికీ జ్వరం రాలేదు, ఎవరికీ కడుపు నొప్పి రాలేదు. ఆ సంగతి ఎవరూ ప్రస్తావించలేదు.

ఊరికి వచ్చాక ఆ యాత్ర మా ఇంటి గొప్పల్లో ఒకటయింది. ఎవరైనా చుట్టాలు వస్తే పెద్దాయన చెప్పేవాడు. “మా సుబ్బమ్మను గూడా తీసుకపోతిమి. మొగుడు ఇడ్సిపెట్టిన మనిషిని ఎవరు తిప్పుతారు అట్ల?” అనేవాడు. అత్త లోపల పొట్లాలు చేసుకుంటూ ఉండేది. ఒక్కసారి కూడా బయటికి వచ్చి కాదనలేదు. నేను మొదట్లో దాన్ని ఓర్పు అనుకున్నాను. ఇప్పుడు అలా అనుకోవడం లేదు. కాదని చెప్తే ఎవరు వింటారో ఆమెకు తెలుసు, అంతే. నాయన మీద నా కోపం వేరు. పెద్దాయన తాను అనుకున్నదే చేశాడు. నాయన మాట ఇచ్చి, పంచె ముడి సరిచేసుకున్నాడు. నాయన పోయి చాలా కాలమైంది. మనుషులు పోతే కోపం పోతుందంటారు. నాకు పోలేదు.

నాకు కర్నూలు కాలేజీలో ఉద్యోగం వచ్చాక అత్తను నా దగ్గరికి తెచ్చుకుని కొన్ని నెలలు ఉంచుకున్నాను. వానాకాలం సెలవులు పెట్టుకుని, ఆగుంబెకు పోదాం రా అత్తా, మనిద్దరమే, అని అడిగాను. ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. చేతిలో పని ఆపలేదు.

“వద్దులేమే.”

“ఎందుకు? నువ్వు చూడాలనుకుంటివి గదా.”

“ఆ పొద్దు అనుకుంటిని. తలకు పోసుకోని కూర్చుంటిని. ఇప్పుడు అనుకోలేదు. అనుకోనిదాన్ని చూసి ఏం చేస్తా?”

నేను బతిమాలాను. ఆమె ససేమిరా అంది. తరువాత చాలాసార్లు అడిగాను, మోకాళ్ళు బాగున్న రోజుల్లో, బాగాలేని రోజుల్లో కూడా. ఆమె చివరిదాకా వద్దనే అంది. ఆలస్యంగా ఇచ్చిన దానితో పాతది సరిపోతుందని ఆమె ఒప్పుకోలేదు. ఆమె పక్షాన నేనూ ఒప్పుకోను.

బద్వేలులో ఇప్పుడు తీపినీళ్ళ బావి లేదు. దాన్ని చెత్తతో పూడ్చి పైన కొట్లు కట్టారు. ఆటోల్లో నీళ్ళ క్యాన్లు ఇంటింటికీ వస్తాయి. నీళ్ళు మారితే పడదనే మాట ఇప్పటి పిల్లలు వినను కూడా వినలేదు. మలేసియాలో కూడా సీసా మూత తిప్పి తాగుతారు, ఎవరూ కాపలా కూర్చోరు. ఆడవాళ్ళూ తాళ్ళ వంతెన ఎక్కుతారు, ఫోటోలు దిగుతారు. మంచిదే. ఆ రోజులు బాగుండేవని నేను ఎవరితోనూ అనను. బాగాలేవు. నా బాధ ఇప్పటివాళ్ళు ప్రయాణం పోతున్నారని కాదు. ఆమె దగ్గర లాక్కున్నదాన్ని ఆమెకు ఇచ్చినట్టు చెప్పుకుంటున్నారని.

కర్మనాడు మండపంలో ఏసీ వేసి, అత్త ఫోటోకు పూలదండ వేసి, పక్కన మైకు పెట్టారు. ముందు ఇద్దరు ముగ్గురు మాట్లాడారు. ఆ కాలంలోనే దేశం చూసిన అదృష్టవంతురాలు అన్నారు. నా వంతు వచ్చింది. నేను మైసూరు నుంచి మొదలుపెట్టి, ఇక్కడ రాసినంతా రాసినట్టే చెప్పాను. పరదాలు దించిన సంగతి చెప్పాను. నీళ్ళు మరునాడు పారబోసిన సంగతి చెప్పాను. “ఆమె ఆ అడవి చూడలేదు. అది చూడటానికే వచ్చింది, చూడలేదు. ఇకమీద ఎవరైనా చూసిందని చెప్తే అది అబద్ధం,” అని ముగించాను. వెనుక వరసలో ఎవరిదో ఫోన్ మోగి ఆగింది.

రాజశేఖర్ మైకు నా చేతిలోంచి మెల్లగా తీసుకున్నాడు. మర్యాద గల మనిషి. అందరికీ వినపడేట్టుగానే అన్నాడు, “పెద్దోళ్ళను మనం ఏమీ అనకూడదక్కా. ఆ కాలం అట్లాంటిది.”

నేను మైకు లేకుండానే జవాబు చెప్పాను. “కాలం కాదప్పా. అదే కాలంలో అదే బస్సులో మీ జేజి దిగి అడివి చూసింది. మా అమ్మ చూసింది. కూర్చోమన్నోడు మీ తాత. మాటిచ్చి దిగిపోయినోడు మా నాయన. కాలం మీదికి తోయాకు.”

వంటవాళ్ళు వచ్చి ఆకులు వేస్తామన్నారు. అందరూ ఆ మాట కోసమే కాచుకున్నట్టు ఒకేసారి లేచారు. కుర్చీల చప్పుడు, పిల్లల అరుపులు, పక్క హాల్లోంచి పూర్ణాల వాసన. వడ్డించేవాటి పేర్లు ఎవరో గట్టిగా చదువుతున్నారు. నేను ఫోటో ముందు కూర్చుండిపోయాను. రాజశేఖర్ భార్య వచ్చి నా చెయ్యి పట్టుకుంది. ఆ పిల్ల మంచిది, ఆమె మీద నాకు ఏ కోపమూ లేదు.

“రా వదినా, మొదటి పంక్తిలో కూర్చుందువు.”

“నాకొద్దమ్మా.”

“అట్లనకు. అత్తమ్మ పేరు చెప్పి ఊరందరికీ పెడతాండాం. నువ్వు తినకపోతే ఎట్లా?”

“ఆమె మిమ్మల్నందరినీ బతుకంతటికీ ఒగటే అడిగింది,” అన్నాను. “అది ఇయ్యలేదు. ఇప్పుడు ఎన్ని రకాలు పెడితే ఏమి?”

ఆ పిల్ల చెయ్యి వదిలేసింది. నేను చెప్పులు వేసుకుని, మండపం ముందు నిలిపిన కార్ల మధ్యలోంచి బస్టాండు దాకా నడిచాను. మట్టమద్యాన్నం. కర్నూలు బస్సు వచ్చేదాకా ఎండలోనే నిలబడ్డాను.